జాగ్రత్త: ఎత్తుగా ఉన్న ప్రతి బండీ ఫోర్ బై ఫోర్ కాదు

ఆఫ్-రోడ్ బండా, క్రెటా లాంటి ఫ్యామిలీ ఎస్‌యూవీయా అని ఊగిసలాడుతున్నవాళ్ళు టోకెన్ కట్టే ముందు ఇది చదవండి. నేను ఏదీ చదవకుండా కట్టాను, ఆఖరికి బుకింగ్ ఫారం కూడా. బండి పేరు, షోరూం పేరు రాయను. గొడవ ఇంకా నడుస్తోంది.

మాది విశాఖ, మధురవాడ. ఇంట్లో నేను, మా ఆవిడ, మూడో తరగతి చదివే పాప, డెబ్భై దాటిన అమ్మ. నా ఆఫీసు గాజువాక వైపు. రోజూ హనుమంతవాక, మద్దిలపాలెం, ఎన్‌ఏడీ, అదే ట్రాఫిక్. ఇలాంటివాడికి కొండలెక్కే బండి ఎందుకు అంటారా? మా ఆవిడా అదే అంది. నేనేమో వంజంగి మబ్బులు, లంబసింగి మంచు, అరకు లోపలి పల్లెలు అని చెప్పుకుంటూ వచ్చాను. నిజం చెప్పాలంటే, సిగ్నల్ దగ్గర ఆ బండి ఆగితే అందరూ తిరిగి చూడటం నాకు నచ్చింది.

షోరూంలో టెస్ట్ డ్రైవ్‌కి ఇచ్చినది ఫోర్ బై ఫోర్, అంటే ఇంజిను బలం నాలుగు చక్రాలకీ వెళ్ళే బండి. గేరు రాడ్ పక్కన ముందు చక్రాలకి బలం కలిపే ఇంకో చిన్న రాడ్ ఉంది, సేల్స్ అబ్బాయి దాన్ని కదిలించి చూపించాడు కూడా. ఆ వేరియంట్‌కి నెలల తరబడి వెయిటింగ్ అన్నారు. వారం తిరక్కుండానే ఫోన్. "సార్, ఒక కస్టమర్ క్యాన్సిల్ చేశారు, మీరడిగిన నలుపు రంగే, మీకు రెండు లక్షల పైన కలిసొస్తుంది, రేపే అలాట్ చేస్తా." ఇది కూడా ఫోర్ బై ఫోరేనా అని అడిగాను. ఆ జవాబు నాకు అక్షరం అక్షరం గుర్తుంది: "బాడీ అదే సార్, ఛాసిస్ అదే, ఇంజినూ అదే. మీరు చెప్పిన చోట్లకి హాయిగా వెళ్ళిపోతుంది." అవును అనలేదు, కాదు అనలేదు. నేను అవును అని విన్నాను.

డెలివరీ రోజు దండ, కొబ్బరికాయ, చక్రాల కింద నిమ్మకాయలు, కేకు, ఫొటోలు. ఆ హడావిడిలో గేరు పక్కన రెండో రాడ్ లేదన్న సంగతి నా బుర్రకి ఎక్కలేదు. ఎక్కినా ఆ పూట ఏం చేసేవాణ్ణో తెలీదు.

తెలిసొచ్చింది పాడేరు అవతల. చోడవరం, మాడుగుల మీదుగా ఘాటెక్కి, ఒక పల్లె దగ్గర తారు రోడ్డు దిగాను. ముందు రాత్రి వాన పడింది. యాభై గజాలు కూడా పోలేదు, ఎడమ వెనక చక్రం బురదలో గిర్రున తిరుగుతోంది, బండి అంగుళం కదలదు. బయట నిలబడి చూస్తున్న ట్రాక్టర్ అబ్బాయి ఒక్క ముక్కలో తేల్చేశాడు: "ముందు చక్రాలు లాగట్లేదేటి బాబూ?" తాడు కట్టి లాగాడు. వెయ్యి ఇవ్వబోతే అయిదొందలే తీసుకున్నాడు.

ఇంటికొచ్చాక తీరిగ్గా తెలుసుకున్నది ఇది. మామూలు డిఫరెన్షియల్ (ఇంజిను బలాన్ని ఎడమ, కుడి చక్రాలకి పంచే గేర్ల పెట్టె) ఉన్న టూ వీల్ డ్రైవ్ బండిలో, అంటే రెండు చక్రాలకే బలం వెళ్ళే బండిలో, ఒక చక్రం పట్టు తప్పితే ఇంజిను బలమంతా ఆ తిరిగే చక్రం దగ్గరే వృథా అయిపోతుంది. ఆ చక్రానికి బ్రేకు వేసి రెండోదానికి బలం పంపే ఎలక్ట్రానిక్ ఏర్పాట్లున్నాయి, కొంతవరకు పనికొస్తాయి. కానీ ముందు చక్రాలకి బలం తీసుకెళ్ళే షాఫ్టే అసలు లేకపోతే ఏ ఏర్పాటు మాత్రం ఏం చేస్తుంది? పైగా బాడీ కింద నిచ్చెనలా ఉండే ఇనుప చట్రం, లాడర్ ఫ్రేమ్ బరువు, రోడ్డు టైర్లు. నేల నుంచి ఎంత ఎత్తున్నా ఆ ఎత్తు రాయి తగలకుండా కాపాడుతుంది, అంతే, బురదలోంచి లాగదు.

కాబట్టి నా దగ్గర ఇప్పుడున్నది రెండింటికీ చెడ్డ బండి. కొండల్లో ఫోర్ బై ఫోర్ చేసే పని చేయదు. ఊళ్ళో మాత్రం ఆఫ్-రోడ్ బండి కష్టాలన్నీ ఉన్నాయి. వెనకాల రెండు చక్రాల్నీ ఒకే దూలంలా కలిపే గట్టి యాక్సిల్ కదా, ఖాళీగా ఉంటే స్పీడ్ బ్రేకర్ దగ్గర వెనక సీటువాళ్ళని ఎత్తి కుదేస్తుంది. పాపకి సింహాచలం ఘాటు మీద రెండుసార్లు వాంతి అయింది. మా బావమరిది క్రెటాలో అదే మలుపుల్లో నిద్రపోతుంది. అమ్మ సంగతి ఇంకా చెప్పలేదు. మోకాళ్ళ నొప్పులు ఆవిడకి. మొదటిరోజు తలుపు తీసి నిలబడితే, "ఇదేటిరా, గుర్రం ఎక్కినట్టు ఎక్కాలేటి?" అంది. ఫుట్‌స్టెప్ వేయించాను. అది ఎక్కడానికి ఒక మెట్టు, అక్కణ్ణుంచి సీటు ఇంకో మెట్టు. ఇప్పుడు గుడికి ఆటోలో వెళ్తోంది. పద్దెనిమిది లక్షల బండి కింద పార్కింగ్‌లో ఉంటుంది, అమ్మ ఆటోకి ఎనభై రూపాయలు బేరమాడుతుంది.

టెస్ట్ డ్రైవ్‌కి నేనొక్కణ్ణే వెళ్ళాను, నా తప్పు అదే. మీరు మాత్రం వెనక కూర్చునేవాళ్ళని తీసుకెళ్ళండి. షోరూం వాళ్ళు చూపించే నున్నటి బీచ్ రోడ్డు మీద కాదు, మీ వీధి గతుకుల్లోకి పట్టుకెళ్ళి, మీరు కూడా వెనక సీట్లో పది నిమిషాలు కూర్చోండి.

వేరియంట్ సంగతి మోడల్‌ని బట్టి మారుతుంది. మారుతి జిమ్నీలో ఈ బెడద లేదు, అన్ని వేరియంట్లూ ఫోర్ బై ఫోరే. అయితే సీట్లు నాలుగే, అవి నిలబడి ఉండగా డిక్కీ 208 లీటర్లు. క్రెటాది 433, పెళ్ళికి వెళ్ళే కుటుంబానికి ఆ తేడా ఏంటో తెలుసు. మహీంద్రా థార్ రాక్స్‌లో ఫోర్ బై ఫోర్ డీజిల్‌తోనే వచ్చింది, పెట్రోలు బండ్లు వెనక చక్రాలతో నడిచేవే. కాబట్టి మోడల్ పేరు చూసి నిశ్చింతగా ఉండొద్దు. బుకింగ్ ఫారంలో, ప్రొఫార్మా ఇన్‌వాయిస్‌లో (అసలు బిల్లుకి ముందు ఇచ్చే ధరల కాగితం) వేరియంట్ పేరు పూర్తిగా రాయించండి. నా ఫారంలో చివర చిన్నగా "ఆర్‌డబ్ల్యూడీ" అని ఉంది. వెనక చక్రాల బండి అని అర్థం. దాని కింద నా సంతకం ఉంది. మేనేజర్ దాన్నే నాకు తిప్పి చూపించాడు.

ఇంకో దెబ్బ ఆర్‌సీ చేతికొచ్చాక తగిలింది. బండి తయారై ఏడు నెలలట. ఆ "క్యాన్సిల్ చేసిన కస్టమర్" అసలు ఉన్నాడో లేడో! తయారీ నెల, సంవత్సరం ఫారం 21 సేల్ సర్టిఫికెట్‌లోనూ ఉంటాయి. డబ్బు మొత్తం కట్టకముందే అడగండి. అప్పుడైతే తగ్గింపు అడిగే హక్కు మీ చేతిలో ఉంటుంది. ఇన్సూరెన్స్ వాళ్ళ దగ్గరే తీసుకోవాలన్న నిర్బంధం కూడా లేదు, బయట రేటు అడిగాకే ఒప్పుకోండి.

జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేశాను. యాక్సెసరీల డబ్బులో కొంత వెనక్కిస్తామని షోరూం నుంచి కబురొచ్చింది. వేరియంట్ గురించి మాత్రం పలుకు లేదు. ఫోన్లో చెప్పిన మాటకి నా దగ్గర రుజువు లేదు. "ఇది ఫోర్ బై ఫోర్ అని మెసేజ్ పెట్టండి" అని అప్పుడే ఒక్క వాట్సాప్ అడిగి ఉంటే కథ వేరేగా ఉండేది.

ఆఫ్-రోడ్ బండ్లు చెడ్డవని నేననను. భీమవరం వైపు చెరువు గట్ల మీద తిరిగే రొయ్యల రైతుకి, అరకు లోపల కాఫీ తోట ఉన్నవాడికి నిజమైన ఫోర్ బై ఫోర్ అన్నం పెట్టే బండి. నేను ఏడాదిలో ఘాటెక్కింది మూడుసార్లు. ఆ మూడుసార్లూ నేను బండి ఆపిన చోటే పక్కన క్రెటాలు, సెల్టాస్‌లు, ఒక పాత ఆల్టో కూడా ఆగి ఉన్నాయి.

బండి అమ్మకానికి పెట్టాను. మొన్న ఆదివారం అనకాపల్లి నుంచి ఒకాయన వచ్చాడు. చుట్టూ తిరిగి చూశాడు, టైర్లు తట్టాడు, ఎక్కి కూర్చుని గేరు పక్కన చెయ్యి పెట్టి వెతికాడు. "ఫోర్ బై ఫోరేనా అండీ?" అన్నాడు. కాదన్నాను. టీ తాగి వెళ్ళిపోయాడు.