రానని పంపితే బయల్దేరానని చేరింది: కొత్త ఎమోజీలపై సమీక్ష

2019 నుంచి ఏటా కొత్తగా చేరే ఎమోజీలను ఇంటివారితోనూ సహోద్యోగులతోనూ వాట్సాప్‌లో వాడుతున్నాను. ఎన్ని బొమ్మలు చేరినా నిత్యం నా వేలు వెళ్లేది నాలుగైదింటి మీదికే.

వాటిలో మొదటిది 2019లో చీర, ప్రమిదలతో పాటు వచ్చిన ఆటో. విజయవాడ బస్టాండులో దిగి, ఒక చేత్తో సంచి పట్టుకుని, ‘ఆటో ఎక్కాను’ అని తెలుగు కీబోర్డులో కొట్టడం కన్నా ఆ బొమ్మ ఒక్కటి పంపడం తేలిక. అది చూశాకే మా అమ్మ పొయ్యి మీద అన్నం పెడుతుంది. చీర బొమ్మను మాత్రం ఒక్కసారీ వాడలేదు, ఎందుకంటే చీరల గురించి మాట్లాడుకునేవాళ్లకు కావలసింది అంచూ రంగూ కనిపించే ఫొటో. ప్రమిద దీపావళికీ కార్తీక సోమవారాలకూ సరిపోతుంది.

2021 జాబితాలోని కరిగిపోతున్న ముఖం మే నెల ఎండకూ, నలుగురిలో నాలుక కరుచుకున్న సందర్భానికీ సమానంగా పనికొస్తుంది. అదే జాబితాలోని సెల్యూట్ ముఖాన్ని తోటివారికి పంపితే చనువుగా ఉంటుంది కానీ, పై అధికారికి పంపితే వెటకారంలా తోస్తుంది. పెద్దలకు 2010 నాటి నమస్కారమే ఇప్పటికీ క్షేమం.

నన్ను నిరాశపరచినవి 2023లో వచ్చిన తల ఊపే ముఖాలు. అడ్డంగా ఊపేది కాదనడానికి, నిలువుగా ఊపేది అవుననడానికి. మనవాళ్లు ‘సరే’ అంటూ తలను అటూ ఇటూ వాల్చే తీరు రెండింటిలోనూ లేదు. అంతకన్నా పెద్ద చిక్కు వాటి నిర్మాణంలోనే ఉంది. పాత చిరునవ్వు ముఖాన్నీ బాణం గుర్తునూ కంటికి కనిపించని ఒక సంకేతంతో జోడించి వీటిని తయారుచేశారు కనుక, అప్‌డేట్ లేని ఫోనులో ఆ జోడీ విడిపోయి చిరునవ్వు ఒకచోట, బాణం ఒకచోట కనిపిస్తాయి. ఆదివారం భోజనానికి రమ్మన్న మా మేనత్తకు, రాలేనన్న ఉద్దేశంతో అడ్డంగా తల ఊపే ముఖం పంపాను. ఆమె పులిహోర కలిపి, రెండు గంటల దాకా చూసి, ‘ఏరా, ఎంతవరకు వచ్చావు?’ అని ఫోన్ చేసింది. నవ్వు ముఖాన్ని సంతోషమనీ, బాణాన్ని బయల్దేరడమనీ అనుకుందట.

అప్పటి నుంచి ప్రతి కొత్త బొమ్మనూ ముందు అత్తకే పంపి, ఏం కనిపించిందో అడిగాకే మిగతావాళ్లకు పంపుతున్నాను. 2024 జాబితాలోని, కళ్ల కింద ఉబ్బులున్న ముఖం నైట్ షిఫ్టు చేసే నాకు బాగా నచ్చింది. అత్త ఫోనులో అది ఖాళీ డబ్బాగా కనిపించింది. ‘ఇందులో ఏం పెట్టి పంపావురా?’ అని అడిగింది.