స్విఫ్ట్ డీజిల్ సస్పెన్షన్: కంపెనీ మాల్, బయటి మాల్ రెండూ వాడినంక నా రివ్యూ

బండి 2014 స్విఫ్ట్ డీజిల్, కొన్నప్పటి నుంచి నా చేతిలోనే ఉంది, లక్షా ఇరవై వేల కిలోమీటర్లు దాటింది. హైదరాబాద్‌ల ఉండేది బోడుప్పల్, ఆఫీసు మాదాపూర్. ఉప్పల్ నారపల్లి ఫ్లైఓవర్ పనులు మొదలైనప్పటి నుంచి కింద రోడ్డు ఎట్లుండెనో అటు పోయేటోళ్లకు చెప్పే పని లేదు. పైగా డీజిల్ ఇంజన్ పెట్రోల్ కంటే బరువు, ఆ బరువంతా ముందు సస్పెన్షన్ మీదనే పడుతది. అందుకే ముందు భాగంలో లోయర్ ఆర్ములు (చక్రాన్ని బండి అడుగు ఫ్రేముకు పట్టి ఉంచేవి), లింక్ రాడ్లు (బండి ఒరగకుండా చూసే బార్‌ను చక్రం వైపుకు కలిపే కడ్డీలు), షాకర్లు (ఊగుడు ఆపేవి), స్ట్రట్ మౌంట్లు (షాకర్ పై కొసను బాడీకి పట్టించేవి) ఒక్కసారైనా మార్చనిది ఏదీ మిగల్లేదు, కొన్ని కంపెనీవి, కొన్ని బయటివి వేయించిన. ఇన్నేళ్లలో నాకు అర్థమైంది ఏందంటే, డబ్బా మీద ఎవరి పేరుందనేది తర్వాతి ముచ్చట, ముందు ఆ పార్టులో రబ్బరు ఎంత పని చేస్తదో చూడాలె.

స్పేర్ పార్టులు అమ్మే రాణిగంజ్‌లో ఏ షాపుకు పోయినా మొదటి ప్రశ్న ఇదే, "కంపెనీదా, బయటిదా అన్నా?" అని. నిజానికి అక్కడ ఉండేది మూడు రకాల మాల్. ఒకటి మారుతీ జెన్యూన్ పార్ట్స్ డబ్బాలో వచ్చేది. రెండోది కార్ల కంపెనీలకు సప్లై చేసే తయారీదారులే తమ సొంత పేరుతోటి అమ్మేది, ఎందుకంటే మారుతీ అయినా ఇంకొకరైనా షాకర్లు, బాల్ జాయింట్లు (ఆర్మ్ కొసన చక్రం వైపు ఉండే గుండు కీళ్లు) తాము చేసుకోరు, గాబ్రియేల్, ముంజాల్ షోవా, రానే లాంటోళ్ల దగ్గర చేయించుకుంటరు. మూడోది అందరూ ఢిల్లీ మాల్ అనేది, పేరుంటది కానీ ఎవరు చేసిన్రో ఎవరికీ తెల్వదు. చాలామంది రెండో రకాన్నీ మూడో రకాన్నీ కలిపి బయటి మాల్ అనేస్తరు, గొడవంతా అక్కడనే మొదలైతది. ఇంకోటి, రెండో రకం కూడా కంపెనీ డబ్బాలోని పీసే అని గ్యారంటీ ఏం లేదు, షాకర్ అయితే లోపల వాల్వు సెట్టింగు వేరే ఉండొచ్చు.

లోయర్ ఆర్మ్ గురించి కొంచెం ఎక్కువ చెప్తా, నాకు తేడా బాగా కనబడ్డది ఇక్కడనే. కంపెనీ ఆర్ములు డెబ్బై వేల పైన నడిచినయి. మార్చే టైముకు కుడి వైపుది స్టాక్ లేదు, వారం పది రోజులు ఆగాలన్నరు, బండి లేకుంటే నాకు నడవదు కాబట్టి మెకానిక్ భాయ్ ఢిల్లీ మాల్ తెచ్చి వేసిండు, ధర మూడో వంతు. ఎడమ వైపు మాత్రం కంపెనీదే దొరికింది. అంటే ఒకటే బండికి, ఒకటే రోడ్డు మీద, ఒక వైపు అది, ఇంకో వైపు ఇది. ఇంతకంటే మంచి పరీక్ష కావాలన్నా దొరకదు.

మొదటి ఆరు నెలలు ఏం తేడా లేదు, నేను కూడా ఎందుకు ఊరికే డబ్బులు పోసుడు అనుకున్న. వానాకాలం దాటంగనే కుడి వైపు స్పీడ్ బ్రేకర్ దిగేటప్పుడు టక్కుమని చప్పుడు, తర్వాత బ్రేక్ కొడితే స్టీరింగు కొంచెం పక్కకు గుంజుడు మొదలైంది. ఏడాది తిరగకముందే విప్పాల్సి వచ్చింది. విప్పి కింద పెట్టినంక చూస్తే బుష్‌లో, అంటే ఆర్మ్ బోల్టు పట్టే చోట ఇనుప గొట్టం చుట్టూ ఉండే రబ్బరు ముక్కలో, రబ్బరు లోపలి గొట్టం నుంచి నెలవంక లెక్క ఊడి వచ్చేసింది, స్క్రూడ్రైవర్ పెడితే లోపలికి పోతున్నది. అంతకుముందు విప్పిన పాత కంపెనీ ఆర్మ్ ఇంకా షెడ్డు మూలనే పడి ఉండె, దాని బుష్ మీద పైపైన పగుళ్లున్నయి గానీ రబ్బరు ఇనుమును ఇంకా పట్టుకొనే ఉంది, గోరుతోటి నొక్కితే లోపలికి పోయి మళ్లీ వెనక్కి వస్తది. కొత్త దాని రబ్బరు నొక్కితే గట్టిగా ప్లాస్టిక్ లెక్క. బాల్ జాయింట్ బూటు (పైన ఉండే రబ్బరు తొడుగు) కూడా చినిగి గ్రీజు బయటికి వచ్చింది, అందులోకి నీళ్లు, మట్టి పోయినంక ఏ జాయింటైనా ఎన్ని రోజులు ఆగుతది.

ఇనుములో తేడా లేదా అంటే కొంచెం ఉంది, వెల్డింగు గరుకుగా ఉండె, పెయింటు కింద తొందరగనే తుప్పు పట్టింది. కానీ ఆర్మ్ వంగలేదు, విరగలేదు. పోయింది రబ్బరే. బుష్‌లో రబ్బరును ఇనుముకు అతికించి వేడి మీద పక్వం చేస్తరు, ఆ అతుకే దాని ప్రాణం. నాసి రబ్బరు వాడిన మాల్‌లో ఆ అతుకు నిలబడదు. కొన్ని బండ్లకు ఆర్మ్ వెనక బుష్‌లో కావాలనే ఖాళీలు పెడతరు, గుంత దెబ్బ క్యాబిన్‌లోకి రాకుండా. ఆ ఖాళీలు చూసి "పగిలిపోయింది అన్నా" అని మార్పించే మెకానిక్‌లు కూడా ఉన్నరు, చూసుకోండి.

కంపెనీ పార్టు వేసినా తొందరగ పోయిందని తిట్టేటోళ్లలో సగం మందికి సమస్య పార్టుది కాదు, ఫిట్టింగుది. బండి జాకీ మీద ఉన్నప్పుడు టైరు కిందికి వేలాడుతది, అట్లనే ఆర్మ్ బోల్టులు ఫుల్ టైట్ చేసేస్తే, బండి కిందికి దించంగనే బుష్ మెలి తిరిగిపోతది, ఇంక రోజంతా ఆ మెలికలోనే పని చేయాలె. బోల్టులు చేతితోటి పట్టించి, బండి బరువు టైర్ల మీద పడ్డంక అసలు టైట్ చేయాలె. మా భాయ్ కూడా ముందు "ఏం కాదు సార్, అందరం గిట్లనే చేస్తం" అన్నడు, నేను పక్కన నిలబడి చేయించుకున్న. ఇప్పుడు రెండు వైపులా కంపెనీ ఆర్ములే, ఇప్పటిదాకా చప్పుడు లేదు.

షాకర్ల విషయంలో మాత్రం నేను కంపెనీ డబ్బా కోసం పట్టుబట్టను. పాతవి ఎనభై వేల దగ్గర లీకైనయి. రాడ్ దగ్గర సన్నగ నూనె తడి ఉంటే భయపడే పని లేదు, కిందిదాకా కారి దుమ్ము పేరుకుంటే మాత్రం పని అయిపోయినట్టే. బానెట్ మూల నొక్కి వదిలితే ఒక్కసారి లేచి ఆగాలె, నాది లేచి పడి మళ్లీ లేస్తుండె. గాబ్రియేల్ వాళ్ల సొంత డబ్బాలో గ్యాస్ షాకర్లు జతగా వేయించిన, ఒక్కటే మార్చితే ఒక వైపు గట్టి, ఇంకో వైపు మెత్తగ అయితది. కంపెనీ వాటికంటే కొంచెం గట్టిగ అనిపించినయి, చిన్న చిన్న ప్యాచుల మీద తెలుస్తది, కానీ ఔటర్ రింగ్ రోడ్డు మీద వంద స్పీడులో పోయేటప్పుడు బండి ఊగుడు తగ్గింది, నాకు అదే నచ్చింది. మా ఆవిడకు మాత్రం నచ్చలేదు, నడుము నొప్పి అంటది. ఇన్నేళ్లయినా లీకు లేదు.

షాకర్లు మార్చే టైములో స్ట్రట్ మౌంట్లు ఏవైనా పర్లేదని ఎవరైనా చెప్తే వినకండి. మా బావమరిది బండికి లోకల్ మౌంట్లు వేసిన్రు, ఒక్క వానాకాలంలో బేరింగులోకి నీళ్లు పోయి పట్టేసింది, పార్కింగులో స్టీరింగు తిప్పితే స్ప్రింగు టంగుమని మోగుతది, తిప్పిన స్టీరింగు వెనక్కి రాదు. మౌంట్ పెద్ద ధర కాదు, కానీ దాని కోసం మళ్లీ స్ట్రట్ (షాకర్, స్ప్రింగు కలిసిన సెట్టు) మొత్తం దించాలె, స్ప్రింగు నొక్కి విప్పాలె, మళ్లీ అలైన్‌మెంటు చేయించాలె, ఆ లేబర్ రెండోసారి కడితే మిగిలింది ఏముంది. షాకర్ విప్పినప్పుడే మౌంటు, బంప్ స్టాప్ (షాకర్ పూర్తిగా కుంగినప్పుడు దెబ్బ ఆపే రబ్బరు), డస్ట్ బూటు (దుమ్ము తొడుగు) కొత్తవి వేయించుకుంటే అయిపోతది.

లింక్ రాడ్లకు కంపెనీవైనా, రానే లాంటి మంచి పేరున్నవైనా ఒకటే, మన రోడ్ల మీద రెండూ దాదాపు ఒకటే టైముకు పోయినయి, మార్చుడు కూడా అరగంట పని. అక్కడ డబ్బులు మిగిల్చుకోండి.

కొనేటప్పుడు డబ్బా మీది హోలోగ్రామ్ ఒక్కటే నమ్మకండి, డబ్బాలు కూడా డూప్లికేట్ వస్తున్నయి. లేబుల్ మీద ఎమ్మార్పీ, నెల, సంవత్సరం, తయారీదారు అడ్రసు, కస్టమర్ కేర్ నంబరు ఉండాలె, అచ్చు మసకగ ఉన్నా, పార్ట్ నంబరు మీద స్టిక్కర్ అతికించి ఉన్నా వదిలేయండి. ఒక షాపులో నాకు బిల్లు అడగంగనే రేటు మారింది, వచ్చేసిన. బిల్లు లేకుంటే వారంటీ కోసం కౌంటర్ దగ్గర ఏం చూపిస్తం. 2025 సెప్టెంబర్ 22 నుంచి స్పేర్ పార్టుల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి దిగింది, పాత స్టాకు పాత ఎమ్మార్పీతోటి అంటగడితే అడగండి.

నాది ఇంక వెనక యాక్సిల్ బుష్‌లు మిగిలినయి, పుట్టినప్పటివే, రేపోమాపో అన్నట్టున్నయి. అవి మాత్రం కంపెనీవే తెస్తా. మీరు కూడా పోతే ఆర్సీ ఫొటో ఫోన్‌లో పెట్టుకోండి, చాసిస్ నంబరుతోటి పార్ట్ నంబరు తీపిస్తే సరైనదే వస్తది. ఆదివారం రాణిగంజ్‌లో చాలా షాపులు బంద్ ఉంటయి, శనివారం పొద్దున్నే పోతే పార్కింగన్నా దొరుకుతది.