అల్యూమినియం టిగ్ వెల్డింగ్ నేర్చుకోవడానికి 200 ఆంప్స్ మెషిన్: చాలాకాలం వాడాక నా అభిప్రాయం

అల్యూమినియం టిగ్ (టంగ్‌స్టన్ మొన నుంచి ఆర్క్ వెలిగించి, గ్యాస్ రక్షణలో చేసే వెల్డింగ్) నేర్చుకోవాలనుకునేవాళ్లు ముందుగా అడిగేది మెషిన్ ఎన్ని ఆంప్స్ అని. నన్నడిగితే, ఏసీ కరెంట్ ఉందని తేలాక చూడాల్సింది ఫుట్ పెడల్, అంటే కాలితో కరెంట్ పెంచి తగ్గించే పెడల్. నేను వాడుతున్నది 200 ఆంప్స్ ఏసీ/డీసీ ఇన్వర్టర్ రకం వెల్డింగ్ మెషిన్. మొదట్లో టార్చ్ (చేత్తో పట్టుకుని వెల్డ్ చేసే పిడి) మీది స్విచ్‌తోనే నెట్టుకొచ్చాను. పెడల్ తగిలించాకే బీడ్ (వెల్డ్ చేసిన గీత) కుదురుకుంది.

అల్యూమినియం వేడిని చుట్టూ లాగేసుకుంటుంది. మొదట్లో ఓ పట్టాన కరగదు. ముక్కంతా వేడెక్కాక అదే కరెంట్‌కి ఉన్నట్టుండి జారిపోయి బొక్క పడుతుంది. ఇనుములా ఎర్రబడి ముందే హెచ్చరించదు కూడా. 3 మి.మీ. రేకుకి దాదాపు 120 ఆంప్స్‌తో మొదలుపెడితే, చివరికి వచ్చేసరికి బాగా తగ్గించుకోవాలి. ఆ పని కాలు చూసుకుంటే కళ్లు పూల్ (కరిగిన లోహపు మడుగు) మీదే ఉంటాయి. బీడ్ చివర కరెంట్ టక్కున ఆపేస్తే గుంట పడి పగులుతుంది. ఫిల్లర్ (అతుకులో కరిగించి కలిపే కడ్డీ) ఇంకో చుక్క వేసి పెడల్ మెల్లగా వదలాలి.

ఇక ఏసీ సంగతి. లోహం 660 డిగ్రీలకే కరుగుతుంది. పైనున్న ఆక్సైడ్ పొర కరగాలంటే 2000 డిగ్రీలు దాటాలి. ఆ పొరను చీల్చేది ఏసీలో కరెంట్ దిశ మారినప్పుడు వచ్చే క్లీనింగ్ భాగమే. ఆర్క్ వెలిగించి టార్చ్ కదపకుండా చూడండి: మసకగా ఉన్నచోట చిన్న చుక్క అద్దంలా మెరుస్తుంది, చుట్టూ తెల్లటి అంచు తేలుతుంది. ఆ మెరుపు వచ్చేదాకా ఫిల్లర్ పెట్టొద్దు. బ్యాలెన్స్‌లో (ఏసీలో క్లీనింగ్ వాటా ఎంతో పెట్టే సెట్టింగ్) క్లీనింగ్ తక్కువైతే పూల్‌లో నల్లటి మచ్చలు తేలతాయి, ఎక్కువైతే టంగ్‌స్టన్ మొన గుండ్రంగా ఉబ్బిపోతుంది. ఈ రెండూ గుర్తుపట్టడం వస్తే సెట్టింగుల టెన్షన్ చాలావరకు పోతుంది.

ఎంత మంచి మెషినైనా మురికి మీద పని చెయ్యదు. ముందు అసిటోన్‌తో జిడ్డు తుడవాలి, తర్వాతే స్టెయిన్‌లెస్ స్టీల్ బ్రష్. ఆ బ్రష్ ఇనుముకి ముట్టించకూడదు. గ్యాస్ స్వచ్ఛమైన ఆర్గాన్ మాత్రమే. నేర్చుకునేటప్పుడు 4043 రకం ఫిల్లర్ తీసుకోండి, సాఫీగా పారుతుంది. తర్వాత అనోడైజింగ్ (కరెంట్‌తో పైన ఆక్సైడ్ పొర మందంగా ఎక్కించడం) చేయించే పనికైతే 5356, ఎందుకంటే 4043 వేసిన చోట ముదురు బూడిద రంగు తేలుతుంది.

నాకు నచ్చనివి రెండు. టార్చ్ కేబుల్ మొండిది, మణికట్టు లాగేస్తుంది. గ్యాస్‌తోనే చల్లబడే టార్చ్ కాబట్టి 150 ఆంప్స్ దాటి వరుసగా వేస్తే గ్లవ్ లోపలికి సెగ తగులుతుంది, ఆపి ఆపి వెయ్యాలి. సన్న రేకులు, బ్రాకెట్లు, చిన్న ట్యాంకులు చేసుకునేవాళ్లకి ఈ మెషిన్ హాయిగా సరిపోతుంది. 6 మి.మీ. దాటిన ప్లేట్లు రోజూ వేసేవాళ్లయితే ఇంకా పెద్దది, నీళ్లతో చల్లబడే టార్చ్ ఉన్నది తీసుకోండి.