పక్కింటి వేధింపులు: ముందు పోలీసులకా, హౌసింగ్ వాళ్ళకా?

ఇంగ్లండ్‌లో ఉంటున్న మనవాళ్ళ నుంచి నాకు తరచూ వచ్చే ఫోన్ ఇది. "అన్నా, కింద ఫ్లాట్ వాళ్ళు మళ్ళీ మొదలెట్టారు. 101కి చేయాలా, హౌసింగ్ వాళ్ళకి మెయిల్ పెట్టాలా?" 101 అంటే అత్యవసరం కాని వాటికి పోలీసుల నంబరు. హౌసింగ్ వాళ్ళంటే ఇళ్ళు అద్దెకిచ్చే కౌన్సిల్ (స్థానిక ప్రభుత్వ సంస్థ) గానీ, హౌసింగ్ అసోసియేషన్ (తక్కువ అద్దెకు ఇళ్ళిచ్చే లాభాపేక్ష లేని సంస్థ) గానీ. రెండేళ్ళ క్రితం మా ఇంటికీ ఈ పరిస్థితి వచ్చింది. ఎటు వెళ్ళాలో తెలియక నాలుగు నెలలు పోగొట్టుకున్నాను. స్కాట్లండ్, నార్తర్న్ ఐర్లండ్‌లలో చట్టాలు వేరు కాబట్టి అక్కడివాళ్ళు దీన్ని ఉన్నదున్నట్టు తీసుకోవద్దు.

కొట్టడానికి మీదికొస్తున్నా, తలుపు బద్దలు కొడుతున్నా, నిప్పు పెడతామని బెదిరిస్తున్నా ఇక ఆలోచించేది లేదు, వెంటనే అత్యవసర నంబరు 999. తేల్చుకోవాల్సింది మిగతా వాటి గురించి. మెట్ల మీద ఎదురైనప్పుడల్లా ఒక తిట్టు, గుమ్మం ముందు చెత్త సంచి, డోర్ హ్యాండిల్ మీద ఉమ్మి, అర్ధరాత్రి కావాలని పెట్టే పాటలు. ఒక్కోటి విడిగా చూస్తే చిన్నదే. ఆరు నెలలు భరిస్తే మాత్రం ఇంటికి రావాలంటేనే కడుపులో దడ పుడుతుంది.

పోలీసుల దగ్గరికి వెళ్ళడంలో పెద్ద లాభం ఒకటుంది. జాతి, మతం, వైకల్యం, లైంగికత, ట్రాన్స్‌జెండర్ గుర్తింపు, ఈ అయిదింటిలో దేని మీద ద్వేషంతోనైనా నేరం చేశారని మీకు అనిపిస్తే, ఆ మాట గట్టిగా చెప్పండి. దాన్ని హేట్ క్రైమ్‌గా నమోదు చేయడానికి ఆ దశలో మీరు రుజువు చూపించక్కర్లేదు. బాధితుడికి గానీ, చూసినవాళ్ళకు గానీ అలా అనిపిస్తే చాలు. జాతి ద్వేషంతో చంపిన నల్లజాతి కుర్రాడు స్టీఫెన్ లారెన్స్ హత్య మీద 1999లో వచ్చిన మెక్‌ఫర్సన్ నివేదిక తర్వాత స్థిరపడిన పద్ధతి ఇది. శిక్షలో కూడా తేడా ఉంటుంది. మామూలు కామన్ అసాల్ట్‌కు (చిన్నపాటి దాడికి) గరిష్ఠంగా ఆరు నెలలైతే, జాతి ద్వేషంతో చేసినదని రుజువైతే రెండేళ్ళ దాకా వేయొచ్చు. ఇంగ్లీషులో చెప్పడం కష్టమైతే ఇంటర్‌ప్రెటర్‌ని అడగొచ్చు. చట్టబద్ధంగా ఉంటున్నవాళ్ళు బాధితులుగా ఫిర్యాదు చేస్తే వీసాకు ఏమీ కాదు. ఈ భయంతోనే ఎంతమంది నోరు నొక్కుకుని కూర్చుంటున్నారో చూస్తే బాధేస్తుంది.

చిక్కు ఆ తర్వాత వస్తుంది. నమోదుకు రుజువు అక్కర్లేదు గానీ, కోర్టులో శిక్ష పడాలంటే ఏ అనుమానానికీ తావు లేకుండా నిరూపించాలి. మెట్ల మీద మీరూ వాళ్ళూ తప్ప మూడో మనిషి లేరు. వాళ్ళు తిట్టారని మీరంటారు, లేదని వాళ్ళంటారు. నా విషయంలో రెండుసార్లు ఇలాగే జరిగింది. వచ్చిన అధికారి మర్యాదగానే మాట్లాడారు, కేసు నంబరు ఇచ్చారు, సాక్ష్యం చాలదని కొన్ని వారాలకు కేసు మూసేశారు.

హౌసింగ్ దారి ఇక్కడే పనికొస్తుంది. 2014 నాటి యాంటీ సోషల్ బిహేవియర్ చట్టం కింద కౌన్సిల్, హౌసింగ్ అసోసియేషన్ లాంటివాళ్ళు సివిల్ ఇంజంక్షన్, అంటే ఆ పనులు ఆపమని కోర్టు ఇచ్చే ఉత్తర్వు, అడగొచ్చు. పోలీసులూ అడగొచ్చు గానీ, మామూలు ఇరుగుపొరుగు వేధింపుల్లో ఆ పని మీద పట్టున్నది హౌసింగ్ వాళ్ళకే. అక్కడ జరగలేదనడం కంటే జరిగిందనడానికే ఎక్కువ అవకాశం ఉందని జడ్జికి అనిపిస్తే సరిపోతుంది. మీరు కోర్టు మెట్లెక్కడానికి భయపడితే, మీ పేరు చెప్పకుండా హౌసింగ్ ఆఫీసరే మీరు చెప్పింది కోర్టు ముందు పెట్టే వీలుంది. ఎదురుగా నిలబడి చెప్పిన సాక్ష్యానికున్నంత బరువు దానికి ఉండదు, కానీ చెల్లుతుంది. ఆ ఉత్తర్వును 18 ఏళ్ళు నిండినవాళ్ళు ఎవరైనా ఉల్లంఘిస్తే రెండేళ్ళ దాకా జైలు పడొచ్చు. పైగా అద్దె ఒప్పందమే పోతుందన్న భయం వాళ్ళను వెనక్కి లాగుతుంది.

నా లెక్కలో అన్నిటికంటే ముఖ్యమైన విషయం, మనవాళ్ళు దాదాపు అందరూ వదిలేసేది ఒకటుంది. చూడాల్సింది మీ ఇంటి యజమాని ఎవరన్నది కాదు, వేధించేవాళ్ళ ఇంటి యజమాని ఎవరన్నది. "మేం ప్రైవేటు అద్దెలో ఉన్నాం, హౌసింగ్ వాళ్ళు మాకేం చేస్తారు?" అంటారు. వాళ్ళ ఫ్లాటు కౌన్సిల్‌దో హౌసింగ్ అసోసియేషన్‌దో అయితే, ఆ సంస్థకు ఫిర్యాదు చేసే హక్కు మీకుంది. మీరు అద్దెకున్నా, సొంతదారులైనా ఒకటే. ఇలాంటి వేధింపుల మీద తాము ఏం చేస్తామో ఒక పాలసీ రాసి బయట పెట్టడం ఆ సంస్థల బాధ్యత. ఆ ఇల్లు ఎవరిదో తెలియకపోతే ల్యాండ్ రిజిస్ట్రీలో 7 పౌండ్లు కట్టి టైటిల్ రిజిస్టర్ (యజమాని వివరాల పత్రం) తీసుకోండి, పేరు దొరుకుతుంది. నేను ఆ పని నాలుగో నెలలో చేశాను. మొదటి వారంలోనే చేసి ఉండాల్సింది.

వాళ్ళూ ప్రైవేటు అద్దెలోనే ఉంటే, లేదా ఆ ఇల్లు వాళ్ళ సొంతమైతే, ఈ దారి బలహీనపడుతుంది. ప్రైవేటు యజమాని మీద ఒత్తిడి తేవడం కష్టం. అప్పుడు కౌన్సిల్‌లోని కమ్యూనిటీ సేఫ్టీ టీమ్‌కు, రాత్రి శబ్దాలైతే అక్కడి ఎన్విరాన్‌మెంటల్ హెల్త్ విభాగానికి వెళ్ళాలి. అలాంటి చోట పోలీసులనే ముందు పెట్టుకోమంటాను.

ఎక్కడికి వెళ్ళినా మీ ఫిర్యాదుకు బలం వచ్చేది మీ నోట్‌బుక్ వల్లే. నా మొదటి మెయిల్‌లో "రాత్రి బాగా గొడవ చేశారు, తిట్టారు" అని రాశాను. దానితో ఎవరూ ఏమీ చేయలేరు. తర్వాత ఇలా రాయడం మొదలుపెట్టాను: "మంగళవారం, రాత్రి 11:40 నుంచి 12:25. మా తలుపు మూడుసార్లు తన్నారు. 'గో బ్యాక్ టు యువర్ కంట్రీ' అని రెండుసార్లు అరిచారు. పాప లేచి ఏడ్చింది, ఒంటిగంట దాకా పడుకోలేదు. ఎదురు ఫ్లాట్ ఆవిడ తలుపు తీసి చూశారు." తిట్టును మర్యాద కోసం మార్చకండి, ఎంత అసహ్యమైనా అన్నది అన్నట్టే రాయండి. ద్వేషంతో అన్నారని తేల్చేది ఆ మాటలే. అద్దె ఇంట్లో డోర్‌బెల్ కెమెరా పెట్టాలనుకుంటే ముందు యజమానిని అడగండి.

అందుకే నన్నడిగితే, కేసును ముందుకు నడిపే పని హౌసింగ్‌తో, నమోదు పోలీసులతో. జాతి గురించి అన్న ప్రతిసారీ 101కి గానీ, పోలీసుల ట్రూ విజన్ వెబ్‌సైట్‌లో గానీ చెప్పి నంబరు తీసుకోండి. ఆ నంబరును అదే రోజు హౌసింగ్ ఆఫీసర్‌కు మెయిల్ చేయండి. మా కేసు కదిలింది అలాగే. మూసేసిన ఆ రెండు పోలీసు నంబర్లు కూడా హౌసింగ్ ఫైల్లో పనికొచ్చాయి.

మీడియేషన్ (మధ్యవర్తి ముందు రాజీ) గురించి కూడా అడుగుతుంటారు. బిన్లు, పార్కింగ్, పిల్లల అల్లరి లాంటివాటికి మంచిదే. మీ రంగు చూసి ఉమ్మేవాడితో బల్లకు అటూ ఇటూ కూర్చుని రాజీపడమంటే నేను ఒప్పుకోను, మీరూ ఒప్పుకోనక్కర్లేదు. ఇల్లు మారిపోవడం కూడా ఒక దారే, పిల్లలు బెదిరిపోతుంటే తప్పేం లేదు. సొంత ఇల్లు అమ్మేవాళ్ళు మాత్రం, పొరుగువారితో వివాదాలున్నాయా అని అమ్మకం ఫారంలో అడుగుతారని గుర్తుంచుకోవాలి.

హౌసింగ్ అసోసియేషనే పట్టించుకోకపోతే వాళ్ళ రెండు దశల కంప్లయింట్ పూర్తి చేసి, మీరూ వాళ్ళ కిరాయిదారులే అయితే, ఇలాంటి ఫిర్యాదులు విచారించే హౌసింగ్ అంబుడ్స్‌మన్‌కు వెళ్ళొచ్చు. ఎవరూ కదలకపోతే ఏఎస్‌బీ (యాంటీ సోషల్ బిహేవియర్) కేస్ రివ్యూ అడగండి. పోలీసులు, కౌన్సిల్, హౌసింగ్ వాళ్ళు ఒకే చోట కూర్చుని మీ ఫైలు చూడాల్సి వస్తుంది. సాధారణంగా ఆరు నెలల్లో మూడు ఫిర్యాదులు ఉండాలి, అవి కూడా ఘటన జరిగిన నెలలోపు చేసినవై ఉండాలి. "చూద్దాంలే" అని నోట్‌బుక్‌లోనే ఉంచుకున్నవి అందులో లెక్కకు రావు. మీకు ఓపిక లేకపోతే, మీ అనుమతితో మీ కౌన్సిలర్ గానీ ఎంపీ గానీ మీ తరఫున దరఖాస్తు పెట్టొచ్చు.