ఎయిర్‌సాఫ్ట్ గన్: అసలు తుపాకీగా చూడాలా, శక్తిని బట్టి చూడాలా?

ఎయిర్‌సాఫ్ట్ గన్ అంటే ఆటలో వాడే, అచ్చం తుపాకీలా కనిపించే గన్. అది వదిలేది 6 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ గుండు. 0.2 గ్రాముల గుండు సెకనుకు 100 మీటర్ల వేగంతో వెళ్తే దాని శక్తి 1 జౌల్. చర్మం మీద ఎర్రగా వాస్తుంది, కంట్లో తగిలితే మాత్రం చూపే పోవచ్చు.

మొదటి పద్ధతి దాన్ని అసలు తుపాకీగానే చూడటం. ఆస్ట్రేలియాలో గాలి ఒత్తిడితో పేలేవి కూడా ఆయుధాల చట్టం కిందికే వస్తాయి. పోలీసులకు ఇది సులువు, కానీ ఆట దాదాపు లేకుండా పోయింది. ప్లాస్టిక్ గుండుకీ, ప్రాణం తీసే తూటాకీ ఒకే చట్టమంటే నాకు అన్యాయంగానే అనిపిస్తుంది.

రెండో పద్ధతి శక్తిని కొలవడం. జపాన్‌లో హద్దు సుమారు 0.98 జౌల్. బ్రిటన్‌లో 2017 చట్టం ప్రకారం ఆటోమేటిక్‌కి 1.3, ఒక్కో గుండు పేల్చేదానికి 2.5 జౌల్స్ దాటకపోతే అది చట్టం దృష్టిలో ఫైర్‌ఆర్మ్ (అసలు తుపాకీ) కాదు. క్రోనోగ్రాఫ్ అనే పరికరం ముందు ఒకసారి పేలిస్తే గుండు వేగం, దాన్నిబట్టి శక్తి తెలిసిపోతాయి, వాదనకు తావుండదు.

అయితే క్రోనోగ్రాఫ్ రూపాన్ని కొలవలేదు. 2014లో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో 12 ఏళ్ల పిల్లాడి దగ్గరున్నది ఎయిర్‌సాఫ్ట్ గన్నే. అది అసలు తుపాకీ కాదని తెలిపే నారింజ రంగు కొన దానికి లేదు. పోలీసు కాల్పుల్లో ఆ పిల్లాడు చనిపోయాడు. ఎదుటివాడి చేతిలో ఉన్నది ఎన్ని జౌల్స్‌దో ఆ క్షణంలో ఎవరికి తెలుస్తుంది?

అందుకే నా ఓటు బ్రిటన్ పద్ధతికి. అక్కడ శక్తికి ఒక హద్దు ఉంది, అచ్చం తుపాకీలా ఉండేవాటి అమ్మకానికి వేరే కట్టడి ఉంది. ఎయిర్‌సాఫ్ట్ గన్‌ని బయట చూపించి ఎవరినైనా బెదిరిస్తే నేరమే.