కరణం దస్త్రమా, కంప్యూటర్ అడంగలా: రైతుకు ఏది మేలు?

మా జమ్మలమడుగు పక్క ఇద్దరు రైతులు ఎదురుపడితే వాన సంగతి తర్వాత వచ్చే మాట ఒకటే: "ఆన్‌లైన్‌లో నీ పేరుండాదా?" సర్కారు భూమి లెక్కలో పేరుంటే పంట అప్పు, పంట నష్టం డబ్బు, ఏటా పీఎం కిసాన్ 6,000 రూపాయలు. లేకపోతే చేను కళ్ల ముందే ఉన్నా ఆఫీసు లెక్కలో నీది కాదు. మా ఇంట్లో పాత పద్ధతే నయమనే పెద్దవాళ్లూ ఉన్నారు, అంతా ఫోన్లోనే చూసుకోవచ్చు కదా అనే పిల్లలూ ఉన్నారు. రెండు కాలాల్లోనూ దెబ్బ తిన్న కుటుంబం మాది.

ముందు కరణం కాలం. నిజాం ఇంగ్లీషువాళ్లకు వదులుకున్న ఈ దత్తమండలాలకు, అంటే మన రాయలసీమ వైపుకు, 1800 నుంచి 1807 వరకు థామస్ మన్రో కలెక్టరు. పాళెగాళ్లను అణచి, భూములు కొలిపించి, శిస్తు లెక్క నేరుగా రైతుతోనే పెట్టాడు. అయితే ఆ లెక్క ఊళ్లో రాసేది కరణమే. దస్త్రం ఆయన ఇంట్లో, ఆయన పెట్టెలో ఉండేది. మా జేజినాయనకు చదువు రాదు. ఏటా శనగలు ఇంటికి రాగానే ఒక మూట కరణం ఇంటికి పోయేది. ఎందుకని అడిగితే "మన చేను ఆయన కలంలో ఉంది నాయనా" అనేవాడట. ఏ చేను ఎవరి సాగులో ఉందో రాసే అడంగల్‌లో అనుభవదారు గడిలో ఎవరి పేరు రాశారో చూపించమని అడిగే ధైర్యం ఆయనకు చచ్చేదాకా రాలేదు. 1984లో ఎన్టీ రామారావు ప్రభుత్వం మునసబు, కరణాలను తీసేసినప్పుడు మా వీధిలో చాలామంది ఊపిరి పీల్చుకున్నారు.

ఇప్పుడు సర్వే నంబరు కొడితే మీభూమి అనే సర్కారు వెబ్‌సైటులో అడంగల్, భూమి ఎవరిదో చెప్పే 1-బి ఎవరికైనా కనపడతాయి. 2015లో అది వచ్చాక కువైట్‌లో డ్రైవరుగా ఉన్న మా తమ్ముడు అక్కడి గదిలో కూర్చుని మా ఖాతా తెరిచి చూశాడు. జేజినాయన చూడలేకపోయిన కాగితాన్ని మనవడు సముద్రం అవతల నుంచి చూశాడు. చేతులు కట్టుకుని నిలబడే పని లేదు, మూట మోసే పని లేదు. ఈ ఒక్క లాభాన్ని నేను ఎవరు చెప్పినా వదులుకోను.

ఆ రోజు వాడు చూసింది మాత్రం తప్పు లెక్క. మా 3 ఎకరాల 21 సెంట్లు అక్కడ 3 ఎకరాల 12 సెంట్లయింది. అంకెలు తారుమారయ్యాయి, అంతే. దిద్దించడానికి పద్నాలుగు నెలలు పట్టింది. ఊళ్లో ఉన్న రెవెన్యూ ఆయనను అడిగితే తన చేతిలో లేదన్నాడు. ఆపరేటరు పైవాళ్ల లాగిన్‌లో ఉందన్నాడు. పైకి పోతే "సిస్టమ్ తీసుకోవడం లేదు" అన్నారు. కరణం తప్పు రాస్తే ఆయన అరుగు ముందు నిలబడి నలుగురిలో అడిగే వీలన్నా ఉండేది. ఏటా శిస్తు లెక్కలు చూసే జమాబందీకి పై అధికారి వచ్చినప్పుడు పక్క చేనాయన "అది వీళ్లదే స్వామీ" అని సాక్ష్యం చెప్పేవాడు. లాగిన్‌కు అరుగూ లేదు, సాక్షీ లేడు.

ఇంకో సంగతి. కాగితం మీది పాత తప్పు ఏళ్ల తరబడి ఎవరి జోలికీ రాకుండా పడి ఉండేది, కంప్యూటర్ దాన్ని లేపి కూర్చోబెట్టింది. చుక్కల భూములే చూడండి. బ్రిటిష్ కాలపు రిజిస్టర్‌లో యజమాని పేరుండాల్సిన గడిలో చుక్కలు పెట్టి వదిలేశారు. తరాలుగా దున్నుకుంటున్న ఆ చేలు తర్వాత నిషేధ జాబితాలోకెక్కి, అమ్ముకుందామంటే రిజిస్ట్రేషన్ ఆగిపోయింది. దాన్ని విప్పడానికి 2017లో ప్రత్యేకంగా చట్టమే తేవాల్సి వచ్చింది. ఆడపిల్ల పెళ్లి పెట్టుకున్న ఇంట్లో ఇది ఎంత టెన్షనో అనుభవించినవాళ్లకే తెలుసు.

కౌలు రైతుకు రెండూ ఒకటే. అప్పుడు కరణం రాయలేదు. 2019 పంట సాగుదారుల చట్టం కింద కౌలు రైతుకు ఇచ్చే పదకొండు నెలల కార్డుకేమో యజమాని సంతకం కావాలి. పేరెక్కితే భూమి పోతుందన్న భయంతో చాలామంది ఆ సంతకం పెట్టరు.

అట్లాగని మళ్లీ కాగితానికే పోదామని నేననను. 2024 జులైలో మదనపల్లె సబ్ కలెక్టర్ కార్యాలయంలో మంటలు లేచి రెవెన్యూ ఫైళ్లు కాలిపోయాయి. ఒకే పెట్టెలో ఉన్న దస్త్రం గతి అంతే.

నా మటుకు నాకు, చూసుకోవడానికి కంప్యూటరే మేలు. రాయడానికి, దిద్దడానికి మాత్రం ఊరి ముందు జరిగే పనే మేలు. ఏడాదికోసారి రచ్చబండ దగ్గర 1-బి గట్టిగా చదవాలి. అభ్యంతరం చెప్పినవాళ్లకు రసీదు ఇవ్వాలి. ఎవరి లాగిన్ నుంచి ఏ తేదీన ఏ అంకె మారిందో రైతుకు కూడా కనపడాలి. మొన్నటి గ్రామసభలో ఈ మూడూ రాసిన అర్జీ ఇచ్చాను, నాతో పాటు ఇరవై ఆరుమంది సంతకాలు చేశారు. అందులో పదకొండు వేలిముద్రలు.