జార్జ్ జోన్స్ పాటా, హ్యాంక్ విలియమ్స్ పాటా?

అమెరికా పల్లెల్లో పుట్టిన కంట్రీ సంగీతంలో అన్నిటికన్నా గొప్ప పాట ఏదన్న వాదన చాలాసార్లు ఈ రెండింటి దగ్గరే తేలుతుంది. ఒకటి జార్జ్ జోన్స్ 1980లో పాడిన 'హీ స్టాప్డ్ లవింగ్ హర్ టుడే'. రెండోది హ్యాంక్ విలియమ్స్ 1949లో రాసి పాడిన 'ఐయామ్ సో లోన్‌సమ్ ఐ కుడ్ క్రై'.

కథ: జోన్స్ పాటలో ఒకతను చచ్చేదాకా ప్రేమిస్తానని మాటిస్తాడు. ఈరోజు ప్రేమించడం మానేశాడట. ఎందుకో మనకు అర్థమయ్యేసరికి అతని గుమ్మానికి పూలచక్రం వేలాడుతుంటుంది. హ్యాంక్ పాటలో కథే లేదు. ఒక పిట్ట, అర్ధరాత్రి రైలు, రాలే చుక్క, అంతే. ఎవరు వదిలేశారో, ఎందుకో చెప్పడు. అయినా గుండె పిండేస్తుంది.

రికార్డింగ్: జోన్స్ తాగుడు వల్ల అది నెలల తరబడి సాగింది. ఇంత చావు పాట ఎవరు కొంటారని ఆయనే పెదవి విరిచాడు. తీరా చూస్తే కంట్రీ మ్యూజిక్ అసోసియేషన్ 'సాంగ్ ఆఫ్ ది ఇయర్' అవార్డు వరుసగా రెండేళ్లు దానికే. హ్యాంక్ పాటేమో మరో పాట రికార్డుకి వెనకవైపున వచ్చింది.

పాడటం: హ్యాంక్‌ది మూడు దెబ్బల వాల్ట్జ్, గిటార్ నేర్చుకుంటున్నవాళ్లకూ పట్టుబడుతుంది. జోన్స్‌ది రిస్కు. మధ్యలో మాటలుగా చెప్పే భాగం ఉంది, కాస్త ఎక్కువ చేస్తే నవ్వులపాలే.

కంట్రీ అసలు విననివాళ్లకు జోన్స్ పాటే ముందు వినిపించండి, కథ లాక్కెళ్తుంది. సాహిత్యం కోసం వినేవాళ్లకు హ్యాంక్. నా ఓటూ ఆయనకే.